పొగ కాదది... నీటి లెక్క!

2024 ఆగస్టు 5న పాల్వంచలోని పాత కేటీపీఎస్ ప్లాంటులో ఎనిమిది టవర్లను పేలుడు పదార్థాలతో నేలకూల్చారు. వీడియో మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. 'పొగగొట్టాలు కూల్చేశారు' అనుకున్నారా? అయితే ఇంటర్వ్యూలో మార్కులు పోయేది ఇక్కడే. అవి కూలింగ్ టవర్లు. పొగ వెళ్లేది పక్కనుండే సన్నటి చిమ్నీ గుండా. నడుము సన్నగా ఉండే టవర్ పైన తెల్లగా కనిపించేది ఆవిరి చల్లబడి ఏర్పడిన నీటి తుంపర, అంతే.

అసలు టవర్ ఎందుకు? టర్బైన్ తిప్పిన ఆవిరిని కండెన్సర్‌లో మళ్లీ నీరుగా మార్చాలి. అది ఎంత చల్లగా ఉంటే లోపల అంత శూన్యం ఏర్పడుతుంది, టర్బైన్‌కు అంత బలం. ఈ పని చేసిన నీళ్లు వేడెక్కి టవర్‌కు వస్తాయి. అక్కడ వాటిని జల్లులా చల్లుతారు. వేడిగాలి తేలిక కాబట్టి పైకి లేస్తుంది, కింద నుంచి కొత్త గాలి లోపలికొస్తుంది. కొంచెం నీరు ఆవిరవుతూ మిగతా నీటి వేడిని పట్టుకుపోతుంది. మట్టికుండ సూత్రమే!

ఎంత ఆవిరవుతుంది? కిలో నీటిని 10 డిగ్రీలు చల్లార్చాలంటే 42 కిలోజౌళ్లు తీసేయాలి. కిలో నీరు ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్లు పోతాయి. అంటే వందకు రెండు పాళ్ల లోపే. తక్కువేగా అనిపిస్తుంది. కానీ ఆ నీరు రోజంతా తిరుగుతూనే ఉంటుంది. పైగా ఆవిరయ్యేది నీరే, లవణాలు మిగిలిపోతాయి. అందుకే కొంత నీటిని బయటికి వదిలి కొత్తది పోయాలి.

అసలు గొడవ ఇక్కడే. 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ థర్మల్ ప్లాంట్ల నీటి వాడకంపై పరిమితి పెట్టింది. పాతవాటికి మెగావాట్-అవర్‌కు 3.5 ఘనపు మీటర్లు. 2017 నుంచి వచ్చేవాటికి 2.5 అన్నారు, 2018లో దాన్ని 3కు సడలించారు. సముద్రపు నీరు వాడేవాటికి మినహాయింపు. ఇప్పుడు మీరే లెక్కేయండి: దామరచర్ల యాదాద్రి ప్లాంటులో ఒక్కో యూనిట్ 800 మెగావాట్లు. 3 చొప్పున పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు 57,600 ఘనపు మీటర్లు, అంటే 5.76 కోట్ల లీటర్లు. అలాంటివి ఐదు. నీళ్లేమో కృష్ణావి. ఆ నదికి ఎంతమంది వాటాదారులో మీకు చెప్పక్కర్లేదు.

నీళ్లు లేకుండా కుదరదా? కుదురుతుంది. జార్ఖండ్‌లోని ఎన్టీపీసీ నార్త్ కరణ్‌పురాలో ఆవిరిని గాలితోనే చల్లబరుస్తున్నారు. నీటి వాడకం బాగా తగ్గుతుంది. కాకపోతే ఖర్చెక్కువ, ఎండాకాలంలో ఉత్పత్తి తగ్గుతుంది.

జెన్‌కో ఏఈ పోస్టులకు చదివే మెకానికల్ వాళ్లూ, రెండు మాటలు కలిపేసుకోకండి. టవర్‌లోకి వచ్చే నీటికీ, చల్లబడి వెళ్లే నీటికీ ఉష్ణోగ్రతలో తేడా 'రేంజ్'. చల్లబడిన నీటికీ, గాలి వెట్ బల్బ్ ఉష్ణోగ్రతకూ తేడా 'అప్రోచ్'. ఈ తరహా టవర్ వెట్ బల్బ్ కంటే కిందికి చల్లార్చలేదు. మే నెల పొడి ఎండలో చల్లగా ఉండే ఇంటి కూలర్ ముసురు రోజున ఎందుకు పనిచేయదో ఆలోచించండి, జవాబు దొరుకుతుంది.