ఉప్పల్‌లో ఉప్పు సముద్రం!

ఉప్పల్ పేరులో ఉప్పు వినిపిస్తుందే గానీ, అక్కణ్నుంచి సముద్రం చూడాలంటే ఏ బాపట్ల దగ్గరి సూర్యలంకకో పోవాలి. దాదాపు 300 కిలోమీటర్లు! అయినా సరే... హాల్లో గోడ వారగా ఆరడుగుల గాజు తొట్టి, అందులో నీలి వెలుగు, నారింజ రంగు మీద తెల్లచారల ‘నెమో’ చేపలు. ఇలాంటి చిన్న సముద్రం మనింట్లోనూ ఉంటే ఎంత బాగుంటుందో అనిపించడం సహజమే. 2003లో ‘ఫైండింగ్ నెమో’ సినిమా వచ్చాక పిల్లల్లో ఈ ముచ్చట మరీ పెరిగింది.

గోల్డ్‌ఫిష్‌ని పెంచాం కదా, ఇదీ అంతేలే అనుకుంటే మాత్రం కష్టం. ఇక్కడ చేపల కంటే ముందు చూసుకోవాల్సింది నీళ్లను. ఉప్పల్, నాచారం లాంటి చోట అయితే దానికీ ముందు ఇంటి నేలను!

బరువెంతో తెలుసా?

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న ట్యాంకులో సుమారు 680 లీటర్లు పడతాయి. ఉప్పునీళ్ల బరువే 700 కిలోలు. మందపాటి గాజు, రాళ్లు, ఇసుక, స్టాండు కలిస్తే టన్ను దాకా వస్తుంది. ఇదంతా పడేది 12 చదరపు అడుగుల జాగాలో. మన ప్రమాణాల ప్రకారం నివాస గదుల నేలను చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్కన డిజైన్ చేస్తారు. ట్యాంకు కింద పడే భారం దానికి నాలుగు రెట్ల పైమాటే. అంతమాత్రాన స్లాబు కూలిపోతుందని కాదు. కింది అంతస్తులో నేల మీద అయితే బెంగ లేదు. పై పోర్షన్‌లోనో, అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులోనో పెట్టాలనుకుంటే మాత్రం బీమ్ ఎటు పోతోందో స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించాకే గాజు కొనండి.

వంటింటి ఉప్పు పనికిరాదు

ఈ ప్రాంతపు బోరు నీళ్లు రాళ్ల పొరల్లోంచి వచ్చేవి, ఖనిజాలు ఎక్కువ. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మనం తాగే ఆర్వో నీళ్లు కూడా పూర్తిగా సరిపోవు. ఆర్వో తర్వాత ‘డీఐ’ అనే మరో దశ దాటి, టీడీఎస్ మీటరులో సున్నా చూపించాలి. అందులో కలపాల్సింది అక్వేరియంల కోసం తయారుచేసే సముద్రపు ఉప్పు. వంటింటి ఉప్పులో ఉండేది దాదాపు సోడియం క్లోరైడే. సముద్రంలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం కూడా ఉంటాయి మరి. లీటరుకు 35 గ్రాముల లెక్కన ఈ ట్యాంకుకి 25 కిలోల దాకా పడుతుంది.

నీటి ఉష్ణోగ్రత 25, 26 డిగ్రీల దగ్గర నిలబడాలి. మే నెలలో బయట 42 డిగ్రీలుంటే చిల్లర్ లేకుండా అది సాధ్యం కాదు. ఎండాకాలంలో రోజూ కొన్ని లీటర్లు ఆవిరైపోతాయి. పోయేది నీరే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది. కాబట్టి రోజూ నింపాల్సింది ఉప్పు కలపని శుద్ధజలం. కరెంటు పోతే పంపులు ఆగి, నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. పంపులకు ఇన్వర్టరు, దానికి తోడు బ్యాటరీతో నడిచే గాలిపంపు ఉండాల్సిందే.

ఆరువారాల ఖాళీ తొట్టి

అన్నీ అమర్చాక వెంటనే చేపల్ని వదలకూడదు. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమోనియా విషం. ఒకరకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరోరకం నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా ప్రమాదకరమే. నైట్రేట్‌తో అంత భయం లేదు. రాళ్ల సందుల్లో ఈ బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమోనియా, నైట్రైట్ సున్నాకొచ్చేదాకా పిల్లలు ఎంత మారాం చేసినా ఆగాల్సిందే. ఆ తర్వాత రెండు వారాలకోసారి పదోవంతు నీళ్లు, అంటే 68 లీటర్లు మార్చాలి. తీసిన ఉప్పునీళ్లను మొక్కలకు పోసేరు, చచ్చిపోతాయి!

పగడం సంగతి

పగడపు దిబ్బ రాయిలా కనిపించినా, దాన్ని కట్టేవి చిన్న చిన్న జీవులు. బండలా పెరిగే రకాలు ఏడాదికి దాదాపు సెంటీమీటరే పెరుగుతాయి. నదులు తెచ్చే ఒండ్రు, మంచినీళ్లు వాటికి పడవు. గోదావరి, కృష్ణలు కలిసే మన తీరంలో పెద్ద దిబ్బలు లేకపోవడానికి అదో కారణం. మన దేశంలో అవి ప్రధానంగా మన్నార్, కచ్ సింధుశాఖల్లోనూ, లక్షద్వీప్‌లోనూ, అండమాన్ నికోబార్ దీవుల్లోనూ ఉన్నాయి. సముద్రం వేడెక్కి అక్కడా పగడాలు తెల్లబడుతున్నాయి.

అందుకే దిబ్బలు కట్టే రాతిపగడాలనూ, సీఫ్యాన్‌లనూ, సముద్రగుర్రాలనూ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వీటికీ! సముద్రంలోంచి తవ్వి తెచ్చిన పగడపు రాయిని ‘లైవ్ రాక్’ అంటూ ఎవరైనా చూపిస్తే దూరంగా ఉండటమే మేలు. విదేశీ జీవి అంటే దిగుమతి కాగితాలు అడగండి. సైటిస్ ఒప్పందం జాబితాలోని సజీవ జంతువులు దగ్గరున్నవారు నమోదు చేసుకోవాలని 2022లో సవరించిన చట్టం చెబుతోంది.

మరి అందం ఎలా? సన్నటి రంధ్రాలున్న సిరామిక్ రాళ్లు బ్యాక్టీరియాకు చక్కని ఇల్లు. పగడాల రంగులకు రెజిన్‌తో చేసినవి చాలు.

ముందుగా ఎవరిని పిలవాలి?

తొలి అతిథులుగా నత్తలు, ఆ తర్వాత రెండు చిన్న క్లౌన్ చేపలు... నెమో అంటే ఇదే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వీటిని హేచరీల్లో పుట్టించే పద్ధతులు రూపొందించారు. తమాషా ఏంటంటే ఇవన్నీ మొదట మగవే. జంటలో పెద్దది తర్వాత ఆడచేపగా మారుతుంది! ‘డోరీ’గా పేరొందిన నీలిచేప అలా కాదు. దాన్ని తొట్టిలో పుట్టించి పెంచడం ఫ్లోరిడా శాస్త్రవేత్తలకు 2016లో గానీ సాధ్యం కాలేదు. ఇప్పటికీ ఎక్కువగా సముద్రంలో పట్టి తెచ్చేవే. కాబట్టి ఏ చేప కొన్నా ‘ఇది హేచరీలో పుట్టిందా, సముద్రంలో పట్టిందా?’ అని అడగండి. నెలకు ఒకటీ రెండుకు మించి చేర్చొద్దు. కొత్త చేపను నాలుగు వారాలు వేరే చిన్న తొట్టిలో ఉంచి, జబ్బు లేదని తేలాకే పెద్ద ట్యాంకులోకి వదలాలి.

ఇంకొక్క మాట. బాగా చూసుకుంటే క్లౌన్ చేప పదేళ్లు దాటి బతుకుతుంది. ఇవాళ ‘నెమో కావాలి నాన్నా’ అంటున్న అయిదో తరగతి పిల్లాడు అప్పటికి ఏ హాస్టల్లోనో ఇంజినీరింగ్ చదువుతుంటాడు. పక్షానికోసారి ఆ 68 లీటర్లు మార్చేదెవరో ఇంటిల్లిపాదీ కూర్చుని ముందే తేల్చుకోండి!