గుర్రుమన్నవాడే విలనా?

సినిమాలు చూసీ చూసీ మనకో జబ్బు పట్టుకుంది. తెరమీద ఇద్దరు ఎదురుపడితే చాలు, వీడు హీరో, వాడు విలన్ అని ఇంటర్వెల్ దాకా కూడా ఆగకుండా తేల్చేస్తాం. ఆ తీర్పు నేను ఇంట్లో కుక్కలమీద కూడా పడేశాను. ఏమైందో చెబుతా, వినండి.

మైపాడులో మా పెద్దమ్మ ఇల్లు. రాత్రి పడుకుంటే సముద్రం హోరు చెవిలోనే ఉన్నట్టుంటుంది. ఆ ఇంటికి కాపలాదారు వీరయ్య. కంగారు పడకండి, ముసలి నాటుకుక్క! పోయిన నెలలో నేను బుజ్జిగాడనే కుక్కపిల్లను నెల్లూరు నించి తీసికెళ్ళి అక్కడ దించాను. సాయంత్రం పెద్దమ్మ చేప తలకాయలు వేసింది. బుజ్జిగాడు వెళ్ళి వీరయ్య వాటాలో మూతి పెట్టాడు. వీరయ్య పళ్ళు చూపించి గుర్రుమన్నాడు. ఇంకేముంది, నాలోని హీరో లేచాడు! చెప్పు తీసి వీరయ్యకి ఒక్కటిచ్చా. మర్నాడూ అదే సీను, అదే చెప్పు.

మూడోరోజు వీరయ్య గుర్రుమనలేదు. నోరు మూసుకుని బిగుసుకుపోయి నిలబడ్డాడు. "చూశావా పెద్దమ్మా, బుద్ధొచ్చింది" అన్నాను గర్వంగా. ఆ మాట పూర్తవకముందే చప్పుడు లేకుండా బుజ్జిగాడి చెవి పట్టేశాడు. పిల్లను ఎత్తుకుందామని పెద్దమ్మ మనవరాలు అప్పుడే వంగింది. నాలుగేళ్ళది. దాని చెయ్యి జానెడు దూరంలో ఉంది!

"చెప్తా ఉన్న కుక్క నోరు నొక్కేస్తివి గదరా అబ్బయ్యా! ఇంక కరవక ఏం జేస్తాది?" అంది పెద్దమ్మ.

నిజం. గుర్రుమనడం కుక్క చెప్పే మాట. "కాస్త ఎడంగా ఉండు" అని అర్థం. నేను కొట్టింది కోపాన్ని కాదు, ఆ మాటను. మాట పోయింది, కోపం మిగిలింది. 1975లో వచ్చిన 'ముత్యాలముగ్గు' గుర్తు తెచ్చుకోండి. రావుగోపాలరావు అరిచాడా? తాపీగా మాట్లాడుతూనే గుండె జల్లుమనిపించాడు. కుక్కల్లోనూ అంతే. ఒళ్ళు బిగిసి, నోరు మూతపడి, రెప్పవెయ్యని చూపు పడితే... అదీ అసలు భయపడాల్సిన షాటు!

మరి ఇంట్లో రెండు కుక్కలుంటే ఒకటి బాసు కావాల్సిందేనా? ఈ 'బాసు' కథ తోడేళ్ళ నించి వచ్చింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన బోనులో పెట్టిన తోడేళ్ళను చూసి, వాటి పెత్తనం గొడవల గురించి రాశాడు. 1970లో డేవిడ్ మీచ్ పుస్తకం ఆ మాటను ఊరూరా చాటింది. అదే మీచ్ 1999లో, అడవిలో తోడేళ్ళ మందంటే చాలావరకు అమ్మా నాన్నా పిల్లలూ ఉన్న కుటుంబమేనని రాసి, తన పాత మాట తనే దిద్దుకున్నాడు. ఎంతమంది చేస్తారు చెప్పండి ఆ పని!

అంటే కుక్కల మధ్య పెత్తనమే లేదని కాదు. తోక పైకెత్తి, ఒళ్ళు నిటారుగా పెట్టి, గడ్డం పక్కదాని భుజమ్మీద ఆనించడం పెద్దరికం చూపడమే. అయితే దండం పెట్టేవాడుంటేనే దొర! చెవులు వెనక్కి వాల్చి, ఒళ్ళు కుదించి, తోక కిందుగా ఊపుతూ పెద్దదాని మూతి నాకే చిన్నకుక్కే ఇంట్లో గొడవ రాకుండా చూస్తోందన్నమాట. అది పిరికితనం కాదండోయ్, మర్యాద.

ఇక ఆట. ముందుకాళ్ళు నేలకు వాల్చి, వెనకభాగం పైకి లేపి కుక్క వంగిందా, అది స్టంట్ మాస్టర్ పెట్టిన ఫైటే! "ఇదంతా ఉత్తుత్తిదే" అని ముందే చెప్పడం. మార్క్ బెకాఫ్ అనే శాస్త్రవేత్త 1995లో చూపించింది కూడా ఇదే. అపార్థం చేసుకునేంత గట్టి కాటుకు ముందూ, తర్వాతా కుక్కలు ఇలా వంగుతాయట. ఆటలో నోరు వదులుగా తెరుచుకుని ఉంటుంది. పెద్దది కావాలనే కిందపడుతుంది. తరిమినవాడు కాసేపటికి పారిపోతాడు. అందుకే వెల్లకిలా పడ్డ ప్రతి కుక్కా ఓడిపోయినట్టు కాదు.

అనుమానమొస్తే చిన్న పరీక్ష ఉంది. పైనున్నదాన్ని మెల్లగా అవతలికి పిలవండి. కిందున్నది లేచి మళ్ళీ దాని వెంటే పడితే ఆట. తోక ముడుచుకుని మూలకు పోతే, ఆట ఎప్పుడో అయిపోయింది.

మొన్న మళ్ళీ మైపాడు వెళ్ళాను. బుజ్జిగాడి చెవి మానింది. పెద్దమ్మ ఒకరికి పెరట్లో, ఒకరికి వసారాలో వేరువేరుగా తిండి పెడుతోంది. పాపను ఆ దరిదాపులకు రానివ్వడంలేదు. తెల్లారి ఇసకలో బుజ్జిగాడు ఎదురుగా వంగి తోకాడిస్తే, ముసలి వీరయ్య కాసేపు బెట్టుచేసి తనూ వంగాడు. పరుగులు, దొర్లుడు! మధ్యలో బుజ్జిగాడు కాస్త గట్టిగా కొరికినట్టున్నాడు. వీరయ్య గుర్రుమన్నాడు. బుజ్జిగాడు చప్పున వెనక్కి తగ్గి, మళ్ళీ వంగాడు.

ఆ గుర్రుమనడం విని నాకెంత ప్రాణం లేచొచ్చిందో! ఈసారి చెప్పు నా కాలికే ఉంది.