చక్కెరతోపాటు నడకనూ కొలవాలి
ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖకు బహిరంగ లేఖ

అనంతపురం జిల్లా పల్లెల్లో మధుమేహమున్న వృద్ధులకు రక్తంలో చక్కెర చూసి మాత్రలిచ్చే సేవ ఎంతో విలువైనది. అదే రోజున వారి కాళ్ల బలాన్నీ పరీక్షించే ఏర్పాటు చేయాలన్నది ఈ లేఖలోని విన్నపం.

వయసుతోపాటు కండ, దాని బలం తరిగిపోవడాన్ని వైద్యులు సార్కోపీనియా, అంటే కండర క్షీణత అంటారు. ఇన్సులిన్ చక్కెరను కణాల్లోకి పంపడమే కాక, కండరాల్లోని మాంసకృత్తులు కరిగిపోకుండా కూడా కాపాడుతుంది కాబట్టి, అది చాలకపోయినా, సరిగా పనిచేయకపోయినా కండ త్వరగా తగ్గుతుంది. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేవి కండరాలే కనుక, అవి తగ్గినకొద్దీ మధుమేహం అదుపు తప్పుతుంది. పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ మందగిస్తే నడక ఇంకా నెమ్మదించి, చిన్న గులకరాయి తగిలినా మనిషి తూలిపడతాడు. అరుగు మీద నుంచి లేవబోయి, అరచేతులు మోకాళ్లకు ఆనించి, ఒకసారి ముందుకు ఊగి, రెండో ప్రయత్నంలో గానీ నిలబడలేని ముసలమ్మను చూసి ఇంట్లోవారు మోకాళ్ల నొప్పులని సరిపెట్టుకుంటారు. తొడ కండను పరీక్షించవలసిన సమయం అదే.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ మెట్టసీమలో, చెనిక్కాయ పంట ఎండిన ఏడు వయసువాళ్లు బెంగళూరుకు వలసపోతే, గొర్రెలను తోలుకుపోవడం, నీళ్లు మోయడం, చౌకదుకాణానికి వెళ్లిరావడం పెద్దల పాలిటే పడతాయి. ఈ పనులన్నిటికీ కాళ్లలో బలం ఉండాలి.

ఆ బలాన్ని పరీక్షించడానికి ఒక కుర్చీ, ఫోనులోని గడియారం చాలు. చేతులు కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు గానీ అంతకు మించి గానీ పట్టినా, మామూలు నడకలో సెకనుకు ఒక మీటరు కన్నా తక్కువ సాగినా కండర క్షీణతను అనుమానించాలని ఆసియా నిపుణుల బృందం 2019లో సూచించింది. గ్రామ ఆరోగ్య కేంద్రంలోని నర్సు, ఆశా కార్యకర్త ఈ పని సులువుగా చేయగలరు.

తిండి విషయంలో చెప్పే సలహా కూడా మారాలి. షుగరుందని అన్నీ తగ్గించుకుని, కాస్త సంగటి, ఊరిబిండితో పూట గడుపుకునే వృద్ధులకు తగ్గించవలసింది సంగటి పరిమాణమనీ, పప్పు, ఉలవలు, గుడ్డు, పాలు తగ్గించరాదనీ విడమరచి చెప్పాలి. కిడ్నీ జబ్బు లేనివారికి శరీర బరువులో కిలోకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలన్నది నిపుణుల మాట. కుర్చీలోంచి లేచి కూర్చోవడాన్నే వ్యాయామంగా నేర్పవచ్చు. అయితే ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారికి చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదముంది కనుక, పరగడుపున చేయవద్దని తప్పక హెచ్చరించాలి.