నడక కూడా సిలబస్సే!

డిగ్రీ, బీటెక్ చేతికొచ్చాక మన రోజు ఎలా గడుస్తోందో ఒకసారి లెక్క వేసుకోండి. పొద్దున కోచింగ్ వీడియోలు, మధ్యాహ్నం మాక్ టెస్ట్, సాయంత్రం నోటిఫికేషన్ పడిందా లేదా అని ఫోన్, రాత్రికి మళ్లీ వీడియోలు. కూర్చునే చోటు మారుతుంది తప్ప ఒళ్లు కదలదు. 'ఇంకా జాబ్ రాలేదా?' అని ఎవరు అడుగుతారోనని బయటికి రావడమే మానేసినవాళ్లు మా తిరువూరులాంటి ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

దీన్ని బద్ధకం అనుకోవద్దు. ఉద్యోగ వేటలో ఒంటరితనం అలాగే పట్టుకుంటుంది. దాన్ని వదిలించుకోవడానికి జిమ్ ఫీజు కట్టక్కర్లేదు. నలుగురు కలిసి పొలాల వైపు నడిస్తే చాలు.

పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు చురుగ్గా నడవడం. మన దేశంలో పెద్దల్లో దాదాపు సగం మందికి 2022 నాటికి ఆ మాత్రం కదలిక కూడా లేదని 2024లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్'లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఫోన్ యాప్‌లో కనిపించే 10,000 అడుగుల టార్గెట్ చూసి బెదిరిపోకండి. అది 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఓ పెడోమీటర్ పేరులోంచి పుట్టిన అంకె.

ఒక్కరే నడవొచ్చుగా అంటారా? నడవొచ్చు. కానీ మూడో రోజుకే అలారం ఆపేసి ముసుగు తన్నేస్తాం. సందు చివర స్నేహితులు ఎదురు చూస్తుంటే లేవక తప్పదు. నడక బృందాలపై జరిగిన 42 అధ్యయనాలను 2015లో పరిశోధకులు కలిపి చూశారు. వాటిలో పాల్గొన్న 1,843 మందిలో రక్తపోటు, ఒంట్లో కొవ్వు, డిప్రెషన్ లక్షణాలు తగ్గాయని, మధ్యలో మానేసినవాళ్లు తక్కువేనని తేలింది. ఊరి బయట ఒంటరిగా నడవమంటే అమ్మాయిలకు ఇంట్లో ఒప్పుకోరు. వాళ్లకైతే గ్రూపే దారి.

కెరీర్ లెక్కలోనూ ఇది లాభమే. దగ్గరి స్నేహితులకంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఉద్యోగాల కబురు ఎక్కువగా అందుతుందని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే రాశారు. అందుకే గ్రూపులో మన బ్యాచ్ వాళ్లే కాకుండా రిటైరైన మాస్టారు, బ్యాంకు ఉద్యోగి, మామిడి రైతు కూడా ఉంటే మంచిది. ఇక అటవీ శాఖ బీట్ ఆఫీసర్ పోస్టుకు పురుషులు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, మహిళలు 16 కిలోమీటర్లు నడిచి చూపించాలి. రాత పరీక్ష గట్టెక్కాక మొదలుపెడితే కాళ్లు సహకరించవు.

'టైమ్ వేస్ట్' అనే వాదన ఒకటుంది. నడుస్తూనే రోజుకొకరు ఒక కరెంట్ అఫైర్స్ అంశాన్ని మిగతావాళ్లకు వివరించండి. ఇంటర్వ్యూలో తడబడకుండా మాట్లాడటానికి ఇంతకంటే మంచి ప్రాక్టీస్ దొరకదు.

కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పవు. లారీలు దూసుకెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద నడక వద్దు. తోటల మధ్య దారులు, ఊళ్ల మధ్య చిన్న రోడ్లు ఎంచుకోండి. ఫుట్‌పాత్ లేనిచోట ఎదురొచ్చే బండ్లు కనిపించేలా కుడి పక్కన నడవండి. కాపు మీదున్న తోటలోకి అడగకుండా దిగొద్దు. ఎండాకాలం ఏడింటికల్లా ఇంటికి చేరిపోవాలి. ఆయాసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి. ఎవరు వెనకబడినా అందరూ ఆగాలి. ఇది రేసు కాదు.

ఉద్యోగం ఎప్పుడొస్తుందో మన చేతుల్లో లేదు. వచ్చిన రోజుకు ఒళ్లు, మనసు ఎలా ఉండాలన్నది చాలావరకు మన చేతుల్లోనే ఉంది. ఈ సాయంత్రమే ముగ్గురికి మెసేజ్ పెట్టండి: 'రేపు పొద్దున ఐదున్నరకి, బూట్లు లేకపోయినా పర్లేదు, రండి.'