విరోధార్థక సముచ్చయాలు, తెలుగు ఉపవాక్యం: ‘ఆల్దో అంటే అయినప్పటికీ’ అనే బోధనపై విమర్శ

ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా, కొల్లేటి లంక గ్రామంలోనైనా ఇంగ్లీషు వ్యాకరణం చదివే విద్యార్థికి విరోధార్థక సముచ్చయాలు సాధారణంగా ఒక పట్టికగానే అందుతాయి. ‘బట్’ అంటే ‘కానీ’; ‘ఆల్దో’ అంటే ‘అయినప్పటికీ’; ‘ఈవెన్ ఇఫ్’ అంటే ‘ఒకవేళ అయినా’. ఈ పట్టికను ఇంగ్లీషు బోధనకు సంబంధించిన చిన్న సౌకర్యంగా భావించి తెలుగు శాఖలు పట్టించుకోలేదు. ఆ ఉపేక్ష సమర్థనీయం కాదు. ఈ పట్టిక ఇంగ్లీషు వాక్యాన్ని తప్పుగా నేర్పుతుంది. తెలుగు వాక్యం పట్ల తప్పుడు అవగాహననూ కలిగిస్తుంది. 2020లో ఆంధ్రప్రదేశ్ పాఠశాలల్లోకి ద్విభాషా పాఠ్యపుస్తకాలు ప్రవేశించాయి. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉన్నప్పుడు విద్యార్థి మాటకు మాట జతచేసుకుంటూ చదవడం సహజం. అందువల్ల ఈ చర్చ ఇప్పుడు మరింత అవసరం.

సముచ్చయం స్థానం

ఇంగ్లీషులో ‘బట్’ గాని ‘ఆల్దో’ గాని తన తరువాతి ఉపవాక్యానికి చెందుతుంది. దానికి ద్వారం వంటిది. తెలుగులో స్థితి వేరు. ‘తమ్మిలేరు పొంగింది కానీ ఊరు మునగలేదు’ అనే వాక్యాన్ని సహజంగా పలికితే విరామం ‘కానీ’ తరువాత వస్తుంది. అదే మాట ‘పొంగిందిగాని’ అని ముందున్న క్రియకు అతుక్కొని సరళంగా మారుతుంది. ‘గాని’ రూపంతో వాక్యం మొదలుపెట్టేవారు లేరు. అంటే ఈ పదం రెండో ఉపవాక్యాన్ని ప్రవేశపెట్టడం లేదు. మొదటిదాన్ని ముగిస్తూ ఎదురు రాబోతున్నదని సూచిస్తున్నది. అచ్చులో మాత్రం ‘కానీ’కి ముందు కామా పెట్టే అలవాటు స్థిరపడింది. అది ఇంగ్లీషు విరామచిహ్నం. తెలుగు ఉచ్చారణకు విరుద్ధం. పరిశోధన పత్రికలు కూడా ఈ అలవాటుకు అతీతం కావు.

‘అప్యర్థకం’ అని వ్యాకరణం పేరు పెట్టిన రూపం ఇంకా స్పష్టమైనది. ‘తమ్మిలేరు పొంగినా ఊరు మునగలేదు’ అన్నప్పుడు విరోధాన్ని తెలిపే ప్రత్యేక పదమే లేదు. అది క్రియ చివరి ప్రత్యయంలో ఉంది. సముచ్చయ పదాలుగా కనబడేవాటి మూలాలూ క్రియలోనే ఉన్నాయి. ‘కాని’, ‘అయితే’, ‘అయినా’ అనే మూడూ ‘అగు’ ధాతువు రూపాలు. వరుసగా వ్యతిరేకం, చేదర్థకం, అప్యర్థకం. ఈ భాషలో విరోధం క్రియతో నిర్మితమవుతుందని చెప్పడానికి ఇంతకు మించిన ఆధారం అక్కరలేదు.

తలకిందులయ్యే అర్థం

పట్టిక వల్ల కలిగే అసలు నష్టం ‘ఆల్దో’ దగ్గర బయటపడుతుంది. ‘ఆల్దో’ ఏ ఉపవాక్యం ముందు వస్తే ఆ విషయాన్ని వక్త ఒప్పుకొని పక్కన పెడుతున్నాడని అర్థం. ‘అయినప్పటికీ’ స్వతంత్రంగా వాక్యం మొదట వస్తే పరిస్థితి దీనికి సరిగ్గా వ్యతిరేకం. అది అంతకు ముందు చెప్పినదాన్ని పక్కన పెట్టి, తన తరువాతి విషయాన్ని నొక్కి చెబుతుంది.

కొల్లేరు విషయంలో ఈ భేదం ఎంతటిదో చూడవచ్చు. 1999లో కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెగ్గొట్టించింది. నాటి నుంచి పర్యావరణానికీ బతుకుతెరువుకూ మధ్య వాదం నడుస్తూనే ఉంది. ‘కొల్లేరు అభయారణ్యం, ఆల్దో జనం దానిమీద బతుకుతున్నారు’ అనే అర్థంలో ఒక ఇంగ్లీషు వాక్యం ఉందనుకుంటే, అందులో పైచేయి అభయారణ్యానిది. పట్టికను నమ్మిన అనువాదకుడు ‘కొల్లేరు అభయారణ్యం, అయినప్పటికీ జనం దానిమీద బతుకుతున్నారు’ అని రాస్తాడు. ఇప్పుడు పైచేయి జనానిది. ఒక్క వాస్తవం కూడా మారకుండా వాక్యం పక్షం మార్చింది. మూలానికి సరైన తెలుగు ‘జనం దానిమీద బతుకుతున్నా కొల్లేరు అభయారణ్యమే’ అన్నది. ఇందులో ఉపవాక్యం ముందుకు వచ్చింది, సముచ్చయం ప్రత్యయమైంది, ప్రధానవాక్యం చివర ‘ఏ’ చేరింది. ఈ మూడు మార్పుల్లో ఒక్కదాన్నీ పట్టిక నేర్పదు. ఒక ఉత్తర్వునో నివేదికనో తెలుగులో చదివి తన బతుకు గురించి నిర్ణయం తీసుకోవలసిన లంక గ్రామస్థుడికి ఇది వ్యాకరణ సూక్ష్మం మాత్రమే కాదు.

పట్టికలో ఇమడనివి

‘కానీ’ని ‘బట్’కు సమానార్థకంగా చెప్పడమూ నిలవదు. ‘వాన పడితే గాని నాట్లు పడవు’ అన్నప్పుడు అది నియమాన్ని తెలుపుతుంది. ‘తమ్మిలేరు గాని బుడమేరు గాని పొంగితే’ అన్నప్పుడు వికల్పాన్ని తెలుపుతుంది. మరోవైపు, ఒకదాన్ని కాదని మరొకదాన్ని నిలిపే చోట ఇంగ్లీషుకు ‘బట్’ కావాలి. తెలుగుకు ఏ సముచ్చయమూ అక్కరలేదు. ‘కొల్లేరు చెరువు కాదు, సరస్సు’ అంటే చాలు. ‘చెరువు కాదు, కానీ సరస్సు’ అన్నది తెలుగు వాక్యం కాదు. జర్మన్ భాష ఈ రెండు పనులకూ ‘ఆబర్’, ‘జోండర్న్’ అని వేర్వేరు మాటలు పెట్టుకుంది. భాషలు విరోధాన్ని ఒకే తీరున విభజించవని దీనివల్ల కూడా తెలుస్తుంది.

‘ఉప్పుటేరు పారినా కొల్లేటి నీరు తగ్గలేదు’, ‘ఉప్పుటేరు పారినా కొల్లేటి నీరు తగ్గదు’ అనే వాక్యాల్లో ఉపవాక్యం ఒక్కటే. మొదటిది జరిగినదాన్ని, రెండోది జరగగలదాన్ని చెబుతున్నది. ఇంగ్లీషు ఈ భేదాన్ని ‘దో’, ‘ఈవెన్ ఇఫ్’ అని సముచ్చయంతోనే చూపిస్తుంది. తెలుగు ప్రధానక్రియతో చూపిస్తుంది. ‘ఆల్దో’తో మొదలుపెట్టి మళ్లీ ‘బట్’ చేర్చే విద్యార్థిని అజాగ్రత్తపరుడని మందలిస్తారు. ‘పొంగినా గానీ ఊరు మునగలేదు’ అని రెండు గుర్తులు వాడే వాడుక అతని మాతృభాషలో ఉందని గమనించరు. ఆ పోలికను చూపితే ఒక్క పాఠంలో తీరే దోషం, చూపకపోతే ఏళ్ల తరబడి మిగులుతుంది.

ఒక ఆక్షేపణ, సమాధానం

ప్రారంభదశలో సమానార్థకాలు తప్పవనీ, వాక్యాది ‘కానీ’, ‘అయితే’ పత్రికాభాషలో ఎప్పుడో స్థిరపడ్డాయనీ కొందరు అనవచ్చు. రెండూ నిజమే. వాటిని నిషేధించాలన్నది ఇక్కడి వాదం కాదు. వాటినే తెలుగు విరోధవాక్యానికి మొత్తం స్వరూపంగా చూపడాన్ని ఇక్కడ ఆక్షేపించడం జరుగుతున్నది. కాంబెల్ 1816లో, బ్రౌన్ 1840లో, ఆర్డెన్ 1873లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణాలు వెలువరించారు. తెలుగు రాని పాఠకుడికి ఇంగ్లీషు నుంచి తెలుగుకు దారి చూపడం వారికి అవసరం. తెలుగు పుట్టుకతో వచ్చిన పిల్లవాడిని కూడా అదే గుమ్మం నుంచి తన భాషలోకి పంపడానికి ఏ అవసరమూ లేదు.

బాధ్యతలో పెద్ద పాలు తెలుగు బోధకులదే. చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ 1975లోనే వచ్చింది. అయినా అప్యర్థకం పాఠశాలలో ఒక మార్కు ప్రశ్నగానే మిగిలింది. విద్యార్థి పేరు, ఉదాహరణ కంఠస్థం చేసి ముందుకు సాగిపోతున్నాడు. పేరు అడిగే ప్రశ్న స్థానంలో ‘పొంగింది కానీ’, ‘పొంగినా’ అనే వాక్యాల భేదాన్ని వివరించమనే ప్రశ్న రావాలి. స్నాతకోత్తర అనువాద పాఠ్యాంశంలో ఉపవాక్య క్రమానికి ప్రత్యేక స్థానం ఉండాలి. ఇంగ్లీషు, తెలుగు ఉపాధ్యాయులు ఈ ఒక్క పాఠాన్నైనా కలిసి రూపొందించాలి. అంతవరకు ‘ఆల్దో అంటే అయినప్పటికీ’ అని నల్లబల్లపై రాసే ప్రతిసారీ విద్యార్థికి అందుతున్నది అర్థాన్ని తలకిందులు చేసే సూత్రమేనని గుర్తించవలసి ఉంది.