చిత్రకథకు కథాభేదాన్ని నిర్ణయించేదెవరు? – చేర్యాల పటం, చిట్కుల్ నీరు

ఉపోద్ఘాతం

ఒకరు రాసి మరొకరు గీసే చిత్రకథకు శ్రీకారం చుట్టేటప్పుడు ముందుగా ఎదురయ్యే ప్రశ్న అది ఏ కోవకు చెందాలన్నది. అద్భుతం, భయానకం, అపరాధ పరిశోధన, వైజ్ఞానిక కల్పన అన్న జాబితాను ముందుంచుకొని, భాగస్వాముల్లో ఎక్కువమంది మొగ్గినదాన్ని ఖాయం చేసి, ఆ తర్వాత కథను వెతకడం ఒక పద్ధతిగా చలామణీ అవుతున్నది. సినిమా పరిభాషలో ‘జానర్’ అని వ్యవహరిస్తున్న ఈ కథాభేదాన్ని వస్తువుకన్నా ముందే ఎన్నుకోవడం చిత్రకథకు చేటు. కథాభేదమంటే మాటకూ బొమ్మకూ మధ్య జరిగే పని విభజన. దానిని నిర్ణయించవలసినవి వస్తువు, శ్రోత. రచయిత, చిత్రకారుల అభిరుచులు ఆ తర్వాతివి.

ఈ క్రమం భారతీయ లక్షణశాస్త్రానికి కొత్తది కాదు. ధనంజయుడి దశరూపకం రూపకాలను వస్తువు, నేత, రసం అనే మూడింటిని బట్టి వేరుచేసింది. నాటకం, ప్రకరణం, ప్రహసనం అనే పేర్లు ఆ మూడూ తేలిన తర్వాతే వర్తిస్తాయి.

‘చందమామ’ నమూనా – పరిమితి

ముందే నిర్ణయించుకున్న కథాభేదం సమష్టి రచనకు ఉమ్మడి భాషనిస్తుందని, భాగస్వాముల మధ్య పొరపొచ్చాలను నివారిస్తుందని ఒక వాదం ఉంది. దీనికి బలమైన ఉదాహరణ 1947 జులైలో మొదలైన ‘చందమామ’. దాసరి సుబ్రహ్మణ్యం జానపద ధారావాహికలకు ‘చిత్రా’ బొమ్మలు వేసినప్పుడు రాజు, మాంత్రికుడు, రాక్షసుడు ఎలా ఉండాలో ఇద్దరికీ ముందే తెలుసు. ఆ జంట సాధించిన ఆదరణ తెలుగు పాఠకలోకం ఎరిగినదే.

అయితే అక్కడ కథను మోసింది మాట. బొమ్మను తొలగించినా కథ కుంటుపడదు. అది సచిత్ర కథ. బొమ్మ లేకపోతే కథే లేనిది చిత్రకథ. మొదటిదానికి చక్కగా అమరిన పద్ధతిని రెండవదానికి సూత్రంగా చెప్పడం లక్షణాన్ని తారుమారు చేయడమే. తెలుగు విమర్శ చిత్రకథను బాలసాహిత్యపు అధ్యాయంలో ఒక పేరాకు పరిమితం చేస్తూ రావడంవల్ల ఈ భేదం చర్చకే రాలేదు.

పటం చెప్పే సూత్రం

తెలంగాణలో సమష్టి చిత్రకథకు ‘చందమామ’కన్నా పాత నమూనా చేర్యాల నకాషీల పటం. దానిని గీసేది నకాషీ. పటం విప్పి, బొమ్మను చూపుతూ కథ చెప్పేది ఆశ్రిత కులాల కళాకారుడు. వినేది దాతృకులం. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణాన్ని, మాదిగలకు డక్కలివారు జాంబపురాణాన్ని, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథను వినిపిస్తారు. ఇక్కడ కథాభేదాన్ని నకాషీ ఎన్నుకోడు, కథకుడూ ఎన్నుకోడు. ఎవరి ముందు పటం విప్పుతారో వారితో ఉన్న సంబంధమే దానిని నిర్ణయిస్తుంది.

ఈ సూత్రం ఆధునిక చిత్రకథకూ చెల్లుతుందనడానికి 2011లో వెలువడిన ‘భీమాయన’ సాక్ష్యం. శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్ రాయగా, పర్‌ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గీసిన అంబేద్కర్ జీవితకథ అది. మనుషులను చదరపు గళ్లలో బంధించడానికి ఆ చిత్రకారులు ఒప్పుకోలేదు. సౌమ్యమైన మాటలు పక్షి రూపంలో, కులవిషం కక్కే మాటలు తేలుకొండి ఉన్న రూపంలో కనిపిస్తాయి. అలవాటైన జీవితచరిత్ర చట్రాన్ని వస్తువు, చిత్రకారుల సంప్రదాయం కలిసి మార్చివేశాయి.

చిట్కుల్: ఒక పరీక్ష

ఈ సూత్రాన్ని నేటి వస్తువుకు అన్వయించాలంటే పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలోని చిట్కుల్‌ను తీసుకోవచ్చు. ఈ ప్రాంతపు కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో దాఖలైన వ్యాజ్యం ఆ తర్వాత హైకోర్టుకు, అక్కడి నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు.

ఇక్కడి నీటి కథను జాబితాలోని ఏ కోవలో చెప్పాలి? భయానకం ఒక రాక్షసుణ్ణి కోరుతుంది. రాక్షసుడు చస్తే కథ ముగుస్తుంది. సాహసగాథ ఒక రక్షకుణ్ణి కోరుతుంది. మూడు తరగతుల న్యాయవేదికలు తిరిగిన వ్యాజ్యంలో అటువంటివాడికి చోటు లేదు. వాస్తవిక చిత్రణే శరణ్యమన్నవారికీ ఒక చిక్కు ఉంది: నీటిలో కరిగిన మందు కంటికి కనిపించదు. యథాతథంగా గీస్తే మిగిలేది మామూలు నీరే.

ఈ వస్తువుకు తగినది స్థలపురాణం. తీర్థం ఎక్కడ పుట్టింది, ఏ దారిన పారింది, అందులో మునిగితే ఏ ఫలం కలుగుతుంది అన్నవి దాని అంగాలు. శుద్ధి కేంద్రం నుంచి ఇసుకవాగు, నక్కవాగు, మంజీర, గోదావరి – ఈ వరుస పై నుంచి కిందికి విప్పే పటానికి సహజంగా అమరుతుంది. కంటికి కనిపించని మందు ఏ గడిలో ఏ రంగుగా మారాలో తేల్చేది చిత్రకారుడు. ఫలశ్రుతి చెప్పేది కథకుడు. బొమ్మ ఒకటే అయినా మాట మారవచ్చు గనుక, ఈ ప్రాంతానికి వలస వచ్చిన కార్మికులకు అదే పటాన్ని హిందీలో, ఒడియాలో వినిపించవచ్చు. అచ్చులో బుడగల్లో బిగిసిన మాటకు ఈ వెసులుబాటు లేదు.

పురాణమంటే విధి, దైవం ముందుకొచ్చి బాధ్యులు మరుగవుతారన్న అభ్యంతరం తేలికగా తోసేయదగినది కాదు. కానీ కులపురాణాలను దగ్గరగా చూస్తే అవి హక్కుల పత్రాలు. మాదిగల వద్ద డక్కలివారికి ఉన్న అడిగే హక్కుకు ఆధారం జాంబపురాణమే. ఎవరు ఎవరికి ఏమి బాకీ అన్నది చెప్పడం ఈ ప్రక్రియకు పుట్టుకతో వచ్చిన గుణం. చిట్కుల్ నీటి కథకు కావలసిందీ అదే.

ముగింపు

కథాభేదాల జాబితాను చిత్రకథకు మొదటి మెట్టుగా బోధించడం మానాలి. విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు పటాన్ని జానపద విజ్ఞానానికి, చిత్రకథను బాలసాహిత్యానికి పంచి, రెండింటినీ కలవనీయకుండా ఉంచినంతకాలం తెలుగు చిత్రకథకు సొంత లక్షణశాస్త్రం ఏర్పడదు. ఈ రెండింటినీ ఒకే పాఠ్యాంశంగా చేర్చాలి. అక్కడ విద్యార్థిని అడగవలసిన మొదటి ప్రశ్న: ఈ పటాన్ని ఎవరి ముందు విప్పుతావు?