‘భయం ఎంత కావాలి?’ అని అడిగితే ఏం చెబుతారు?

ఎస్కేప్ రూమ్ బుక్ చేసేటప్పుడు ఎంతమంది వస్తున్నారు, ఏ టైమ్‌కి వస్తారు అని అడుగుతారు. కొన్నిచోట్ల ఆ తర్వాత ఇంకో ప్రశ్న ఉంటుంది. భయం ఎంత కావాలి? అసలు వద్దా, కొంచెం చాలా, ఫుల్‌గానా? ఐదుగురు స్నేహితుల్లో ఫోన్ పట్టుకున్నవాడు ‘ఫుల్ పెట్టేద్దాం’ అంటాడు. ఇద్దరు సై అంటారు. నాలుగోవాడు నవ్వి ఊరుకుంటాడు. ఐదోవాడికి చీకటంటే పడదు. అయినా ‘మీ ఇష్టం రా’ అంటాడు. ఉద్యోగాల వేటలో ఉన్న మీతో ఆ ‘మీ ఇష్టం రా’ గురించే మాట్లాడాలి.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నలుగురైదుగురిని ఒక గదిలోకి పంపుతారు. గడువు సాధారణంగా 60 నిమిషాలు. గదిలో దాచిన క్లూలు వెతికి, ఒకదానికొకటి ముడిపెట్టి, తాళాలు తీసుకుంటూ చివరి తలుపు దాకా రావాలి. గేమ్ మాస్టర్ బయట కూర్చుని కెమెరాలో చూస్తుంటారు. 2007లో జపాన్‌లోని క్యోటోలో తకావో కాటో ఈ ఆటకు శ్రీకారం చుట్టారు. అప్పటిదాకా కంప్యూటర్ తెరమీద ఆడుకునే పజిల్‌ను నిజం గదిలోకి తెచ్చారు. 2011లో హంగరీలోని బుడాపెస్ట్‌లో అటిలా గ్యుర్కోవిచ్ పారాపార్క్ తెరిచాక యూరప్‌లోనూ ఊపందుకుంది. ఆయనకు స్ఫూర్తి సైకాలజిస్టు మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి చెప్పిన ‘ఫ్లో’ సిద్ధాంతం. పని మరీ తేలికైతే విసుగొస్తుంది, మన శక్తికి మించితే కంగారు పుడుతుంది, సరిగ్గా కుదిరితే టైమే తెలియదు. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

సినిమాకీ ఈ ఆటకీ దగ్గరి చుట్టరికం. సెట్, లైటింగ్, సౌండ్, కథ అన్నీ అక్కడివే. అమెరికాలోని లాస్ వెగాస్‌లో ‘సా’ హారర్ సినిమాల పేరుతో ఒక ఎస్కేప్ రూమ్ పెట్టారు. ఓర్లాండోలో యూనివర్సల్ సంస్థ 2022లో ‘జురాసిక్ వరల్డ్’, ‘బ్యాక్ టు ద ఫ్యూచర్’ సినిమాలతో రెండు ఆటలు తెరిచింది. నా మటుకు నాకు వాటికన్నా పాత సినిమా హాలునే ఆటగా మార్చే గదులు బాగుంటాయి. మూతపడ్డ సింగిల్ స్క్రీన్ థియేటర్ ఒకటి ఊహించుకోండి. బుకింగ్ కౌంటర్ కిటికీ, చిరిగిన టికెట్ ముక్కలు, దుమ్ము పట్టిన హౌస్‌ఫుల్ బోర్డు. టికెట్ మీది నంబర్ పట్టుకుని కుర్చీ వెతికితే దాని కింద తాళంచెవి ఉంటుంది. పోస్టర్ మీద అల్ట్రావయొలెట్ టార్చ్ వేస్తే అప్పటిదాకా కనబడని అంకెలు మెరుస్తాయి. ప్రొజెక్టర్ గదిలో రీలు డబ్బాలు వరస తప్పి ఉంటాయి. 35 ఎంఎం ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడిచేదని, రీలు అయిపోవచ్చే ముందు తెరకు కుడివైపు పైమూలన చిన్న చుక్క కనబడితే ఆపరేటర్ రెండో ప్రొజెక్టర్ అందుకునేవాడని మీలో ఎంతమందికి తెలుసు? మీ బ్యాచ్‌లో ఎవరి మావయ్యో ఒకప్పుడు థియేటర్‌లో పనిచేసి ఉంటే ఆ గంటకు వాళ్లే హీరో. మీ పర్సంటేజీ ఎంతని ఆ గది అడగదు.

ఇలాంటి గదిలో హారర్ ‘ఆన్’ చేశారనుకోండి. తాళాలు అవే, క్లూలు అవే. లైట్లు మాత్రం పోతాయి. ఖాళీ హాల్లో ఓ కుర్చీ కిర్రుమంటుంది. తెర వెనక ఎవరో నడుస్తున్న చప్పుడు. స్పెయిన్, గ్రీస్ లాంటి దేశాల్లో మేకప్ వేసుకున్న నటులు ఏకంగా వెంటపడే గదులున్నాయి. ‘ఆఫ్’ చేస్తే అదే ఆటను వెలుతురులో హాయిగా ఆడుకోవచ్చు. పద్ధతిగా నడిపేచోట ముందే ఒక మాటో సైగో చెప్పి ఉంచుతారు, మధ్యలో ఎవరు దాన్ని వాడినా ఆట అక్కడికక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు మన ఐదోవాడి సంగతి చూద్దాం. చీకట్లో బిగుసుకుపోయినవాడికి ఎదురుగా ఉన్న క్లూ కూడా ఆనదు. టార్చ్ అతని చేతిలోనే ఉంటే అందరికీ నష్టం. ఇద్దరు అతన్ని పట్టుకుని ధైర్యం చెబుతూ నిలబడితే, తాళాల దగ్గర మిగిలేది ఇద్దరే. మిగతావాళ్లకు ‘ఫ్లో’ కుదిరిన చోటే ఇతనికి కంగారు మొదలైంది. డబ్బు ఐదుగురూ కట్టారు, ఆడింది మాత్రం ఇద్దరు. బుకింగ్ రోజునే ‘నాకు చీకటి పడదు, హారర్ వద్దు’ అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఐదుగురూ ఆడేవాళ్లు. ఆ మాట అనడం పిరికితనమని హాస్టల్ గదుల్లో ఎవరు నేర్పారో గానీ, జట్టుకు అంతకన్నా పనికొచ్చే సమాచారం ఇంకోటి లేదు.

అలాగని హారర్ ఇష్టపడేవాళ్లను తప్పుపట్టాల్సిన పనిలేదు. మనకు దెయ్యం కథలంటే మహా సరదా. అందులో కాస్త కామెడీ కలిస్తే ఇంకా ఇష్టం. 2015లో వచ్చిన ‘రాజు గారి గది’, 2017లో వచ్చిన ‘ఆనందో బ్రహ్మ’ అలా నడిచినవే. నవ్వుతూ భయపడటం మనకు అలవాటు. భయపడినవాణ్ని వీడియో తీసి గ్రూప్‌లో పెట్టడం మాత్రం వేరే సంగతి. అలా ఒకసారి దొరికిపోయినవాడు ఆ తర్వాత ఏ విషయంలోనూ ‘వద్దు’ అనడు, మీతో నిజం చెప్పడం మానేస్తాడు.

ఉద్యోగంలో ఇదే ఎలా ఉంటుందో చూడండి. చేరి నెల కూడా కాలేదు. టీమ్ లీడ్ ‘శుక్రవారానికి అయిపోతుందిగా?’ అంటారు. అందరూ తలూపుతారు, మీరూ ఊపుతారు. మీ వంతు పనిలో సగం మీకు అర్థం కాలేదని మీకొక్కరికే తెలుసు. గురువారం రాత్రికి అందరికీ తెలుస్తుంది. సోమవారమే చెప్పి ఉంటే పక్కసీటు వాళ్లు గంట కూర్చుని నేర్పేవాళ్లు. ‘మీ ఇష్టం రా’ కాస్తా ‘ష్యూర్ సర్’ అయింది, అంతే తేడా. గ్రూప్ డిస్కషన్‌కు తర్ఫీదిచ్చేచోట గొంతు పెంచడం, ముందుగా అందుకోవడం నేర్పుతారు. ‘ఇది నాకు తెలియదు, ఇంత టైమ్ కావాలి’ అని మర్యాదగా చెప్పడం నేర్పే క్లాసులు అరుదు. క్యాంపస్ నుంచి వచ్చిన పిల్లలకు అన్నిటికన్నా ముందు ఇదే నేర్పాలని నా అభిప్రాయం.

తప్పంతా ఐదోవాడిదే అనుకోకండి. ‘ఎవరికైనా ప్రాబ్లమా?’ అని గుంపులో అడిగితే ఎవరు చేయెత్తుతారు? బుక్ చేసేవాళ్లు ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టాలి. ఎవరు వద్దన్నారో పేరు చెప్పకుండా ‘ఈసారి హారర్ లేకుండా పెడదాం’ అంటే సరిపోతుంది. టీమ్ లీడ్ చేయాల్సిన పనీ దాదాపు ఇదే.

హింట్ సంగతీ చెప్పాలి. స్కాట్ నికల్సన్ అనే ప్రొఫెసర్ 2015లో వివిధ దేశాల్లోని 175 ఎస్కేప్ రూమ్ కేంద్రాలను సర్వే చేస్తే, గడువులోగా బయటపడే ఆటగాళ్లు సగటున 41 శాతమే అని తేలింది. అంటే సగానికి పైగా ఓడిపోయే ఆట ఇది. హింట్లు ఉన్నది అందుకే. కానీ మనవాళ్లకు హింట్ అడగడం నామోషీ. ఒకే తాళం ముందు పాతిక నిమిషాలు కూర్చుంటారు గానీ పైన కెమెరా వంక చూడరు. ఇంకో జబ్బు, దొరికినదాన్ని జేబులో పెట్టుకుని సొంతంగా తేల్చాలని చూడటం. ఎర్ర కవర్ దొరికితే ‘ఎర్ర కవర్, లోపల నాలుగంకెలు’ అని పైకి అనండి. నాలుగంకెల తాళం గదికి ఆ చివర ఇంకొకరి ముందు ఉండొచ్చు.

ఇదంతా చదివి ఎస్కేప్ రూమ్ ఆడితే లీడర్‌షిప్ వచ్చేస్తుందని అనుకోవద్దు. కంపెనీలు టీమ్ ఔటింగ్ పేరుతో ఉద్యోగులను ఇలాంటిచోట్లకు తీసుకెళ్తుంటాయి, నిజమే. గంటసేపు తాళాలు తీయడం చూసి ఒక మనిషిని అంచనా కట్టలేం. దయచేసి రెజ్యూమేలో రాయకండి.

ఇక వద్దనుకున్నా చెప్పక తప్పనిది. 2019 జనవరి 4న పోలండ్‌లోని కొషాలిన్ పట్టణంలో పుట్టినరోజు సరదాకు ఎస్కేప్ రూమ్‌కు వెళ్లిన 15 ఏళ్ల అమ్మాయిలు ఐదుగురు అగ్నిప్రమాదంలో చనిపోయారు. హీటర్ గ్యాస్ లీకై బయటి గదిలో మంటలు లేచాయి, లోపలున్నవాళ్లకు బయటపడే దారి లేకపోయింది. విచిత్రం చూడండి, ‘ఎస్కేప్ రూమ్’ అనే హాలీవుడ్ థ్రిల్లర్ అమెరికాలో విడుదలైందీ అదే రోజు. ఆ తర్వాత పోలండ్ దేశమంతటా తనిఖీలు చేసి చాలా గదులు మూయించింది. మనదేశంలోనూ 2024 మే 25న రాజ్‌కోట్‌లో ఓ గేమ్ జోన్ తగలబడి పాతికమందికి పైగా చనిపోయారు. కాబట్టి డబ్బు కట్టేముందు రిసెప్షన్‌లోనే అడగండి. తలుపు నిజంగా తాళం వేస్తారా? లోపలి నుంచి తీసుకునే వీలుందా? కరెంటు పోతే ఏమవుతుంది? మంచి గదుల్లో విద్యుదయస్కాంత తాళాలుంటాయి, కరెంటు ఆగగానే అవే విడిపోతాయి. అగ్నిమాపక శాఖ అనుమతి ఉందా అనీ అడగొచ్చు. ‘భయపడుతున్నావా?’ అని కౌంటర్‌లో ఎవరైనా నవ్వితే వెనక్కి వచ్చేయండి.

ఈ ఆట ఖర్చు సినిమా టికెట్‌తో పోయేది కాదు. అంత పెట్టలేనివాళ్లు, ఆ మాటకొస్తే పెట్టగలిగినవాళ్లు కూడా, ఓ ఆదివారం హాస్టల్లో సొంతంగా ఒకటి తయారుచేయండి. అంకెల తాళాలు రెండు, ఓ ట్రంకు పెట్టె, పాత సినిమా పోస్టర్లు, చేత్తో గీసిన టికెట్లు చాలు. ఆడటం కన్నా తయారుచేయడంలోనే అసలు పనుంది. మీకు తేలిగ్గా అనిపించిన క్లూ జూనియర్లకు తలకెక్కదు, కష్టమనుకున్నది రెండు నిమిషాల్లో తీసేస్తారు. ఎక్కడ ఆగిపోయారో రాసుకుని మార్చాలి, మళ్లీ ఆడించాలి. ఈసీఈ వాళ్లుంటే సెన్సర్, రిలే పెట్టి డబ్బా దానంతటదే తెరుచుకునేలా చేస్తారు. కథ రాసేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు, పక్కగదిలో కూర్చుని దెయ్యంలా ఊళపెట్టేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఊళ కావాలో వద్దో ఆడేవాళ్లను ముందు విడివిడిగా అడగండి. తలుపు దగ్గరగా వేయండి గానీ బయటి నుంచి గొళ్లెం మాత్రం పెట్టొద్దు.